వర్ణములకు వర్ణములు

తెలుగున వర్ణమను మాటకు రెండర్థములు ముఖ్యముగా కలవు. ఒకటి అక్షరము, రెండవది రంగు. వ్రాత యొక్క చరిత్రను పరికించినచో ఈ రెండు వర్ణములును తఱచుగా ఒకదాని నొకటి వెదకికొనుచు వచ్చినట్లు కనబడును. వ్రాయువాడు అక్షరముల నొకదాని ప్రక్కన నొకటిగా పేర్చుకొని పోవును. చదువువాడు వానిని మాటలుగను, వాక్యములుగను, శీర్షికలుగను విడదీసికొనవలెను. ఈ విడదీయు పనిలో కంటికి సాయపడుటకై మానవుడు కనిపెట్టిన ఉపాయములలో రంగు మిక్కిలి ప్రాచీనమైనది. నేడు కంప్యూటరు తెరపై ప్రోగ్రాములు వ్రాయువారు నిత్యము వాడుకొనుచున్న సింటాక్స్ హైలైటింగ్ ఆ ఉపాయమునకు ఇటీవలి వారసుడు. వాక్యములోని ఏ మాట ఏ జాతికి చెందినదో రంగుచే తెలుపుటయే ఆ పద్ధతి.

ఈ చరిత్రను తిరుచానూరు నుండి ప్రారంభించుటకు మంచి కారణమున్నది. తిరుపతికి సమీపముననున్న ఈ గ్రామమును శాసనములు తిరుచొగినూరు అని పేర్కొనుచున్నవి. పద్మావతీ అమ్మవారి ఆలయముచే ప్రసిద్ధమైన ఈ ఊరిలోను, ప్రక్కనున్న జోగిమల్లవరపు పరాశరేశ్వరాలయములోను పల్లవ చోళ కాలముల నాటి శాసనములు కలవు. ఆ కాలపు శాసనభాష తమిళము. అక్షరములు మాటకు మాటకు నడుమ ఎడములేక రాతిపై సాగిపోవును. అట్టి తమిళ శాసనములలో సంస్కృతపు మాట వచ్చినపుడు లిపికారుడు ఆ మాటకు గ్రంథలిపిని వాడుట పరిపాటి. స్వస్తిశ్రీ అను మంగళవాక్యము సాధారణముగా గ్రంథాక్షరములలో నుండును. తరువాతి తమిళ వాక్యము తమిళాక్షరములలో సాగును. తమిళ లిపిలో లేని ధ్వనులను వ్రాయుటకే ఈ ఏర్పాటు పుట్టినది. అయినను దానివలన మఱియొక ప్రయోజనము సిద్ధించినది. లిపి మాఱుటచే మాట జాతి తెలియును. ఒకే పంక్తిలో రెండు జాతుల మాటలున్నవని చదువరి కన్ను ముందుగనే గ్రహించును. రాతిపై రంగు లేదు. ఆ పనిని అక్షరపు ఆకారమే చేసినది.

తిరుమలపై మఱియొక నిధి యున్నది. తాళ్లపాక అన్నమాచార్యులు 1408 నుండి 1503 వఱకు జీవించిన వాగ్గేయకారులు. వేంకటేశ్వరుని మీదను, తిరుచానూరు అలమేలుమంగ మీదను వారు రచించిన సంకీర్తనలను, వారి కుమారుడైన పెదతిరుమలాచార్యుల రచనలను, మనుమడైన చినతిరుమలాచార్యుల రచనలను రాగిరేకులపై చెక్కించి ఆలయములోని సంకీర్తన భాండారమున భద్రపఱచిరి. ఇట్టి రేకులు రెండువేలకు పైగా లభించినవి. సాధారణముగా ఒక్కొక్క రేకున ఆరు పాటలుండును. పాటకు రాగనామము వ్రాయబడినది, కాని స్వరము వ్రాయబడలేదు. చెక్కిన పంక్తులలో అక్షరములు దగ్గఱ దగ్గఱగా, మాటల నడుమ ఎడము లేక సాగును. రాగికి తాళపత్రమునకు వలె మసి పూసి అక్షరమును తేటపఱుపవచ్చును గాని, పాటను మాటలుగా విడదీయుట మసిచే సాధ్యము కాదు.

ఈ రేకుల కథలో ఒక విచిత్ర సంఘటనము కలదు. 1816లో ముద్రితమైన ఏ. డి. క్యాంబెల్ దొరగారి తెలుగు వ్యాకరణపు పీఠికలో ఈ ప్రస్తావన యున్నది. తిరుపతి కొండపై వేలకొలది రాగిరేకులు కలవని విని, వానిని పరీక్షించి రమ్మని ఆయన ఒక దేశీయుని పంపెను. పోయినవాడు వ్యాకరణ విషయకమైన గ్రంథమొక దానిని చూచి ప్రతి తెచ్చెను. తక్కినవన్నియు దేవుని స్తుతించు పాటలే యని తేలినది. అంతటితో ఆ ప్రసంగము ముగిసినది. వ్యాకరణము కొఱకు వెదకిన కంటికి పాటల భాండారము మిగులు సామగ్రిగా కనబడినది. మఱల నూఱేండ్లకు పైగా గడచి 1922లో ఆ రేకులు వెలుగులోనికి వచ్చినవి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు వాని విలువను లోకమునకు తెలియజేయుటకు పాటుపడిరి. ఏ జాతి మాటను ముందు చూడవలెనని మనము కన్నునకు చెప్పుదుమో ఆ జాతియే కనబడును, తక్కినది మఱుగుపడును. ఈ సంగతిని మనము మఱల తలచుకొనవలసి వచ్చును.

రేకులను ముద్రించు పని 1930ల నుండి సాగినది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర ప్రాచ్యపరిశోధన సంస్థలో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలైన పండితులు ఈ పనికి తమ కాలమును ధారపోసిరి. రాగి మీది అక్షరమును గుర్తించుట వారి పనిలో మొదటి మెట్టు మాత్రమే. ఎక్కడ మాట ముగియుచున్నది, ఎక్కడ చరణము మొదలగుచున్నది, ఏది లేఖరి పొరపాటు, ఏది ప్రాంతీయపు పలుకుబడి, ఇవన్నియు నిర్ణయింపవలసియుండెను. దీని కష్టము తెలియుటకు ఒక చిన్న వాక్యము చాలును. వానరాకచూచిరైతుమురిసెను. కన్ను మొదట వానర అను మాటను పట్టుకొనును. తరువాతి అక్షరములతో అర్థము కుదరక వెనుకకు మఱలి, వాన రాక చూచి రైతు మురిసెను అని విడదీసికొనును. ఇది యొక పంక్తి. ఇట్టి నిర్ణయములు వేలకొలది పాటలలో అడుగడుగునను చేయవలసియుండిన పని అది. సంపాదకుడు తప్పు చోట విడదీసినచో తప్పు ముద్రణ కెక్కును. తరువాతి గాయకుడు ఆ తప్పునే పాడును. అందుచేత ముద్రిత సంపుటములలో పాటకు రాగముతోపాటు రేకు సంఖ్యను కూడ చూపుట గొప్ప వివేకము. సంపాదకుని విభజనము నచ్చనివాడు ఆ సంఖ్యను పట్టుకొని మూలమునకు పోవచ్చును.

మూలము వేఱు, దాని విభజనము వేఱు అను ఈ వివేకము మన దేశమున మిక్కిలి ప్రాచీనమైనది. వేదమును సంధులతో కూడిన సంహితగా పఠింతురు. ఆ సంధులను విడదీసి పదము పదముగా చెప్పు పదపాఠము వేఱుగ నున్నది. ఋగ్వేదమునకు శాకల్యుడును, తైత్తిరీయ సంహితకు ఆత్రేయుడును పదపాఠ కర్తలని ప్రసిద్ధి. వారు సంహితను దిద్దలేదు. దాని ప్రక్కన తమ విభజనమును నిలిపిరి. ఇక రంగు విషయమునకు వచ్చినచో, కాగితపు వ్రాతప్రతులలో స్వరచిహ్నములను, శ్లోకసంఖ్యలను, అధ్యాయాంత వాక్యములను ఎఱ్ఱసిరాతో వ్రాయు వాడుక కలదు. మన దక్షిణదేశపు తాళపత్రములపై గంటముతో గీయు వ్రాతకు ఆ వెసులుబాటు తక్కువ. గీచిన గీతలో మసి నింపుటయే గాని, ఒక్కొక్క మాటకు ఒక్కొక్క రంగు నింపుట కుదరదు. ఈజిప్టు దేశపు ప్రాచీన లేఖకులు శీర్షికలకు ఎఱుపును వాడిరి. ఐరోపా మఠములలో ఎఱ్ఱసిరా పనికి వేఱుగ లేఖకులుండిరి. సుమారు 1455లో గూటెన్‌బర్గు బైబిలును ముద్రించినపుడు మొదటి పుటలలో శీర్షికలను ఎఱుపున అచ్చువేసి చూచెను. ఆ శ్రమ యెక్కువగుటచే మానివేసి, చోటు వదలి, ఆ పనిని చేతివ్రాతగాండ్రకు అప్పగించెను. అచ్చు విస్తరించినకొలది పుట నల్లబడినది. తెలుగునకు అచ్చు మాటల నడుమ ఎడమును, విరామచిహ్నములను తెచ్చినది గాని రంగును పోగొట్టినది.

పోయిన రంగు కంప్యూటరు తెరపై తిరిగి వచ్చినది. ఆ రాక తెలియుటకు స్క్రిప్టింగ్ భాష యననేమో ముందు తెలియవలెను. కంప్యూటరునకు చేయవలసిన పనులను వరుసగా అప్పగించుటకు వాడు తేలికపాటి భాష అది. రేడియో నాటకపు ప్రతిని ఊహించుకొనుడు. అందు పాత్రల పేర్లుండును, సంభాషణలుండును, తలుపు చప్పుడు, వాన చప్పుడు అను సూచనలుండును. నటుడు పొరపాటున తలుపు చప్పుడు అను సూచనను గూడ పైకి చదివినచో విన్నవారు నవ్వుదురు. కంప్యూటరు స్క్రిప్టులోను ఇట్టి జాతులే కలవు. ఐతే, కాకున్న, మఱల చేయుము అను అర్థమిచ్చు నియతపదములు కొన్ని. కొటేషను గుర్తుల నడుమ ఉన్నదున్నట్లు ఉంచవలసిన వాక్యములు కొన్ని. సంఖ్యలు కొన్ని. చదువు మనుష్యుల కొఱకై వ్రాసి, యంత్రము విడిచిపెట్టవలసిన వ్యాఖ్యలు కొన్ని. రెక్స్ అను స్క్రిప్టింగ్ భాష 1979లో ప్రారంభమైనది. పెర్ల్ 1987లోను, పైథాన్ 1991లోను వెలువడినవి.

ఇట్టి జాతులను తెరపై రంగులచే చూపిన తొలినాటి ఎడిటర్లలో లెక్స్ ఒకటి. ఎడిటరనగా వ్రాతను వ్రాసి దిద్దుటకు ఉపకరించు ప్రోగ్రాము. రెక్స్ భాషను సృష్టించిన మైక్ కౌలిషా అను ఐ.బి.ఎం. ఉద్యోగియే 1985లో లెక్స్‌ను నిర్మించెను. దానికి పని కల్పించినది ఆక్స్‌ఫర్డు ఆంగ్ల నిఘంటువు. ఆ మహానిఘంటువును కంప్యూటరునకెక్కించి 1989లో 20 సంపుటములుగా రెండవ కూర్పు వెలువరించిరి. నిఘంటువులో ప్రతి ఆరోపమునందును శీర్షపదము, ఉచ్చారణము, వ్యుత్పత్తి, అర్థము, ప్రయోగము అను భాగములుండును. వానిని టైపు చేయుచుండగనే రంగులచే, అచ్చుముఖములచే వేఱుపఱచి చూపుట లెక్స్ చేసిన పని. ప్రోగ్రాముల రంగుల వెనుక నిఘంటుకారుని అవసరము కూడ నున్నదని తెలిసినపుడు భాషాప్రియులకు సంతోషము కలుగక మానదు. తరువాత బ్రామ్ మూలెనార్ అను డచ్చి దేశస్థుడు 1991లో విమ్ అను ఎడిటరును లోకమునకు ఉచితముగా నొసగెను. 1998లో వచ్చిన దాని 5.0 కూర్పుతో అందు సింటాక్స్ హైలైటింగ్ ప్రవేశించినది.

విమ్ ఎడిటరునకు ఒక క్రొత్త భాష రంగులను నేర్పుటకు ఎడిటరును తిరిగి నిర్మింప నక్కఱలేదు. ఒక చిన్న సూత్రగ్రంథమును వ్రాసి దానికందించిన చాలును. అందు సూత్రములు మూడు విధములు. మొదటిది పదసూత్రము. నియతపదములను పేరు పేరున జాబితాగా ఇచ్చుట. రెండవది పోలికసూత్రము. అంకెల వరుస వచ్చినచో సంఖ్య యనుట వంటిది. ఇట్టి పోలికలను క్లుప్తముగా చెప్పు సంకేతభాషకు గణితపు పునాది 1950లలో స్టీఫెన్ క్లీనీ వేసెను. 1968లో కెన్ థాంప్సన్ దానిని ఎడిటరులో వెదకుటకు ఉపయోగించు మార్గమును ప్రకటించెను. మూడవది ప్రాంతసూత్రము. ఈ గుర్తుతో మొదలై ఆ గుర్తుతో ముగియు నంతవఱకు ఒకే జాతి యనుట. కొటేషను గుర్తుల నడిమి వాక్యమిట్టిది.

పైకి సులభముగా తోచు ఈ పనిలో చిక్కులు కలవు. పైథాన్ భాషలో # గుర్తు వచ్చినచోటినుండి పంక్తి చివఱ వఱకు వ్యాఖ్య. కాని "రేకు # 12" అని కొటేషనులో వ్రాసినపుడు ఆ గుర్తు వ్యాఖ్యకు నాంది కాదు, వాక్యములోని భాగమే. గుర్తు ఒక్కటే, చోటును బట్టి జాతి మాఱినది. అందుచే ముందు ప్రారంభమైన ప్రాంతమునకే అధికారమని ఒక పరిభాష అవసరమగును. మన వ్యాకరణములలో ఒక సూత్రము మఱియొక సూత్రమును బాధించును అన్నట్టిదే ఇది. రెండవ చిక్కు నడిమినుండి చదువుట. పెద్ద వ్రాతను మధ్యలో తెఱచినపుడు తెరపైనున్న పంక్తులు అంతకుముందే మొదలైన వ్యాఖ్యలోనివో, అసలు పనిలోనివో వానిని చూచి చెప్పలేము. ఎడిటరు కొంత వెనుకకు పోయి చూచి రావలెను. ఎంత వెనుకకు అన్నది సూత్రకర్త నిర్ణయింపవలెను. రాగిరేకు రెండవ ప్రక్కను మాత్రమే చేతబట్టినవానికి, మొదటి ప్రక్కనున్న పాట అచ్చట ముగిసినదో లేదో తెలియనట్లే ఇదియు. మఱియు ముగింపు కొటేషను మఱచినచో తరువాతి పంక్తులకు ఆ రంగే ప్రాకి, ఒక్కొకప్పుడు పుట యంతయు ఒకే రంగు పులుముకొనును. ఈ వికారము దోషము కాదు, హెచ్చరిక. యంత్రమును నడిపి చూడకముందే పొరపాటు కంటబడును.

ఈ పద్ధతిలో మెచ్చుకొనదగిన గుణము వేఱొకటి కలదు. సూత్రగ్రంథము ఇది వ్యాఖ్య, ఇది వాక్యము, ఇది సంఖ్య అని జాతిని మాత్రమే నిర్ణయించును. ఏ జాతికి ఏ రంగో వేఱొక పట్టిక చెప్పును. ఎఱుపు ఆకుపచ్చల భేదము తెలియని కన్నులవారు పట్టికను మార్చుకొని నీలము పసుపులను గాని, లావుపాటి అక్షరములను గాని ఎన్నుకొనవచ్చును. ఇక అన్నిటికంటె ముఖ్యమైనది, రంగు వ్రాతలో చేరదు. అది తెరపై మాత్రమే యుండును. స్క్రిప్టును దాచినపుడు నల్ల అక్షరములే దాచబడును. సూత్రము తప్పైనచో రంగు తప్పగును గాని మూలము చెడదు. శాకల్యుడు సంహితకు చేసిన మర్యాదను, సంపాదకులు రేకు సంఖ్యను చూపి రాగిరేకునకు చేసిన మర్యాదను ఈ యంత్రము కూడ పాటించుచున్నది.

అయినను రంగు పక్షపాతము లేనిది కాదు. అనేకుల పట్టికలలో వ్యాఖ్యలకు వెలిసిన బూడిదరంగు నిచ్చుట వాడుక. యంత్రము వానిని చదువదు గనుక కన్నును చదువ నక్కఱలేదను భావము. కాని ఆ వ్యాఖ్యయే ఒక మనుష్యుడు తరువాతి మనుష్యునికి చెప్పిన మాట. ఈ పని ఇట్లు చేయుటకు కారణమేమో, ఎక్కడ జాగ్రత్తగా నుండవలెనో తెలుపు మాట. దానిని మఱుగుపఱచిన కన్ను, 1816 నాటి దూత రాగిరేకులలో వ్యాకరణమును తీసికొని పాటలను విడిచి వచ్చినట్లు, యంత్రమునకు కావలసినది తీసికొని మనుష్యునికి కావలసినది విడిచిపెట్టును. పట్టిక మార్చుకొన వీలున్నది గనుక వ్యాఖ్యకు ప్రకాశమైన రంగు నిచ్చుకొనుట మేలు.

ఇక తెలుగువారికి ప్రత్యేకముగా చెందిన విషయ మొకటి. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పుననే తెలుగు లిపికి స్థానము లభించినది. 2008లో వచ్చిన పైథాన్ మూడవ కూర్పు తెలుగు మాటలను గూడ పేర్లుగా వాడుకొననిచ్చును. కనుక ఒక విద్యార్థి తన స్క్రిప్టులో తిరుచానూరు అను పేరును నిక్షేపముగా పెట్టుకొనవచ్చును. యంత్రము అభ్యంతరము చెప్పదు. కాని రంగుల సూత్రము వ్రాసినవాడు ఇంగ్లీషు అక్షరములను, అంకెలను మాత్రమే మాటగా గణించినచో ఈ పేరు అతని లెక్కకు రానే రాదు. అన్ని భాషల అక్షరములను చేర్చితిననుకొన్నవాడును ఒక చోట తప్పిపోవుటకు వీలున్నది. తిరుచానూరు అను మాటను కంప్యూటరు 10 గుర్తులుగా దాచును. అందు 5 హల్లులు, 5 గుణింతపు గుర్తులు. యూనికోడ్ వర్గీకరణములో గుణింతపు గుర్తులు అక్షరములు కావు, అక్షరములతో కలియు చిహ్నములు. అక్షరములను మాత్రమే మాటగా గ్రహింపుమని చెప్పిన సూత్రము ఈ పేరును త, ర, చ, న, ర అను అయిదు ముక్కలుగా తెగగొట్టును. ఒక్క ముక్క నియతపదముతో గాని, మఱియొక పోలికతో గాని సరిపడినచో పేరు నడుమ రంగు మాఱును. ఊరి పేరు రాతిపై ఎడములేక చెక్కబడినపుడు దానిని సరిగా చదువుటకు పండితులు శ్రమించిరి. ఇచ్చట ఎడము ఉన్న పేరును యంత్రము లేని ఎడములతో చదువుచున్నది.

దీనికి పరిష్కారము కష్టమైనది కాదు. మాట యనగా అక్షరములును, వానితో కలియు చిహ్నములును అని సూత్రమున చేర్చవలెను. భాషలో పేర్లుగా చెల్లు గుర్తుల జాబితాను యూనికోడ్ సంస్థయే ప్రకటించుచున్నది. ఇట్టి సూత్రగ్రంథములు అనేకము ఎవరైనను చూచి దిద్దుటకు బహిరంగముగా నున్నవి. కాని తప్పు కనబడవలెనన్న తెలుగు మాటతో ఒకమాఱు పరీక్షింపవలెను. ఇంగ్లీషు మాటలతో మాత్రమే పరీక్షించువానికి ఆ తప్పు ఎన్నటికిని కనబడదు. ఆ పరీక్ష చేయవలసినవారు తెలుగు పిల్లలే. గుణింతమును మొదటి తరగతిలోనే నేర్చుకొన్నవారికి తిరుచానూరు ఒకే మాట యని వేఱుగ చెప్ప నక్కఱలేదు. ఆ సంగతిని యంత్రమునకు తెలిపెడి సూత్రము ఒక్క పంక్తి మాత్రమే.